సర్కారు చెయ్యి ఎక్కడుండాలి, ఎక్కడుండొద్దు: పట్టుగూళ్ల ధర మీద ఒక పాఠం



ఈ నెల పాఠం ఊజీ ఈగ గురించి రాద్దామనుకున్నాం. కానీ గ్రూపులో పదిహేను రోజులుగా ఒకటే లొల్లి. "పత్తికి, సోయాకు ఉన్నట్టు కోష్‌కు కూడా సర్కారు గ్యారంటీ ధర కట్టాలె" అని సగం మంది. "సర్కారు వేలు పెట్టిన ప్రతి పంటా పాడైంది, మమ్మల్ని వదిలేస్తే మేమే అమ్ముకుంటాం" అని ఇంకో సగం. రెండు వైపులా మనవాళ్లే, రెండు వైపులా అనుభవం ఉంది. అందుకని ఊజీ ఈగను వచ్చే నెలకు జరిపి, ఈసారి ఈ ముచ్చట తీసుకున్నాం. కొంచెం పొడుగైంది. రాత్రి ఆకు వేసిన తరువాత తీరిగ్గా చదవండి.

ముందు మన సరుకు ఎలాంటిదో చూడాలి. లేకుంటే మిగతాదంతా గాలిలో మాటలే అవుతాయి.

పురుగు చంద్రికె ఎక్కిన ఆరేడు రోజులకు గూళ్లు ఏరతాం. ఆ తరువాత మన చేతిలో ఉండేది మహా అయితే వారం. లోపల ఉన్న ప్యూపా బతికే ఉంటుంది. అది రెక్కల పురుగై గూడు పొడుచుకుని బయటికొస్తే ఆ గూటి నుంచి దారం తీయడం కుదరదు. ఆ వారంలో కూడా రోజురోజుకూ తూకం తగ్గుతుంది. రీలరు దగ్గర వేడి గాలి డ్రయ్యర్ ఉంటుంది, ఆరబెట్టి నెలలు దాచుకుంటాడు. మన దగ్గర అది లేదు. సోయా ధర బాగా లేకుంటే బస్తాలు ఇంట్లో పెట్టుకుంటాం. పత్తి అయితే ఒక గదిలో పోసి సంక్రాంతి దాకా ఆగుతాం. గూడు ఆగదు. బేరంలో ఒకడికి వారం గడువు, ఇంకొకడికి ఆరు నెలల గడువు ఉంటే ఆ బేరం ఎటు ఒరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. "స్వేచ్ఛా మార్కెట్" అనే మాట వినడానికి బాగుంటుంది. స్వేచ్ఛ ఇద్దరికీ ఒకే కొలతలో ఉన్నదా లేదా అనేది మొదటి ప్రశ్న.

రెండో సంగతి, గూటి ధర ఎక్కడ పుడుతుందో తెలియాలి. అది మోంఢాలో పుట్టదు, దారం ధరలో పుడుతుంది. లెక్క ఇట్లా వేయండి. అంకెలు అర్థం కావడానికి మాత్రమే, ఇవాళ్టి రేటు కాదు.

కిలో పట్టు దారం 4,000 రూపాయలు అనుకుందాం. మన బైవోల్టిన్ గూళ్లు 7 కిలోలు తీస్తే కిలో దారం వచ్చింది అనుకుందాం. దీన్నే రెండిట్టా 7 అంటారు. కిలో దారం తీయడానికి కూలి, కరెంటు, వంటచెరకు, రీలరు లాభం, అన్నీ పోను 700 ఖర్చు. మిగిలింది 3,300. దాన్ని 7తో భాగిస్తే 471. అంటే రీలరు కిలో గూటికి 471 దాకా ఇవ్వగలడు. అదే మన గూళ్లు పల్చగా ఉండి 8 కిలోలు పడితే 412 మాత్రమే. కిలోకు 59 రూపాయలు తేడా. 100 అండీపుంజ్‌లకు 70 కిలోలు తీసిన రైతుకు ఒక్క పంటలో 4,130 రూపాయలు. ఈ తేడాలో సర్కారుకూ మార్కెట్‌కూ ఏ సంబంధమూ లేదు. అది మన ఆకు, మన షెడ్డు, మన చంద్రికెలది.

ఇప్పుడు దారం ధర 4,000 నుంచి 3,500కు పడిందనుకోండి. రీలరు ఖర్చు 700 అట్లాగే ఉంటుంది, కూలి మనిషి తగ్గించుకోడు. 2,800ను 7తో భాగిస్తే 400. దారం ధర ఎనిమిదో వంతు తగ్గితే మన గూటి ధర అంతకంటే ఎక్కువే, ఏడో వంతు దాకా తగ్గింది. పైన ఎక్కడ ఏ దెబ్బ తగిలినా కింద ఉన్న మన దగ్గరికి వచ్చేసరికి అది పెద్దదవుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, దిగుమతి సుంకం దగ్గర మళ్లీ కావాలి.

*పత్తి నేర్పిన సంగతి*

సర్కారే ధర కట్టి, సర్కారే కొంటే ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి వేరే దేశం పోవాల్సిన పని లేదు. మన మహారాష్ట్రలోనే ముప్పై ఏళ్లు నడిచింది. ఏకాధికార్ కాపూస్ ఖరేదీ యోజన. 1971లో చట్టం చేశారు, 1972 పంట నుంచి అమలు. రైతు పండించిన పత్తిని రాష్ట్ర పత్తి ఫెడరేషన్‌కు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు. ధర ముందే ప్రకటిస్తారు. వ్యాపారి కొంటే నేరం, రైతు జిల్లా దాటించి పక్క రాష్ట్రానికి తీసుకుపోయినా నేరమే.

ఉద్దేశం మంచిదే. అడ్తిదారులు, జిన్నింగు ఆసాములు కలిసి సీజనులో ధర పడగొట్టేవారు, రైతుకు ఒక అడుగు దన్ను కావాలి. ధర నిజంగా పడిపోయిన సంవత్సరాల్లో ఆ దన్ను దొరికింది కూడా. ఫెడరేషన్ పైసలతోనే ఆడపిల్ల పెళ్లి చేశామని చెప్పే పెద్దలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లది అబద్ధం కాదు.

కానీ బయట ధర ఎక్కువ ఉన్న సంవత్సరం ఏమైంది? ధర్మాబాద్, బిలోలి, భోకర్, కిన్వట్ వాళ్లను అడగండి. పత్తి రాత్రిపూట బండ్లెక్కి సరిహద్దు దాటేది. అటు భైంసా, ఇటు ఆదిలాబాద్. రెండూ అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద పత్తి మార్కెట్లు. దారిలో నాకాలు, నాకా దగ్గర చెయ్యి తడపడాలు. మన తాతల కాలంలో, నిజాం రాజ్యంలో, ఆ గీతే లేదు. నాందేడ్, ఆదిలాబాద్ ఒకే సంస్థానం. 1956లో గీత పడింది, 1972 తరువాత ఆ గీత మీద కాపలా పడింది. ఒకే గోదావరి నీళ్లు, ఒకే నల్లరేగడి, మేనమామ ఇల్లు అటు, మేనల్లుడి ఇల్లు ఇటు. తన పత్తి తను తీసుకుపోతున్న రైతు దొంగ అయ్యాడు. మనకు అన్నిటికంటే కడుపు మండే సంగతి అది. శరద్ జోషీ గారి శేత్కరీ సంఘటన గట్టిగా అడిగింది కూడా దీన్నే. దన్ను ఇస్తే ఇవ్వండి గానీ దారి ఎందుకు మూస్తారు అని.

తిరకాసు ఇంకోటి ఉంది. బయట ధర తక్కువ ఉన్న సంవత్సరం ఆ బండ్లే ఎదురు తిరిగేవి. పక్క రాష్ట్రాల పత్తి మన ఫెడరేషన్ కేంద్రాలకు వచ్చి పడేది. ధర ఎక్కువైతే సరుకు పోతుంది, తక్కువైతే లోకమంతా వచ్చి మీద పడుతుంది. రెండు విధాలా నష్టమే. దానికి తోడు గ్రేడు మీద పేచీలు, పైసలు ఆలస్యం. చివరికి వేల కోట్ల నష్టం పేరుకుపోయి, 2002లో ప్రైవేటు వాళ్లను కొననిచ్చారు. ఏకాధికారం అక్కడితో పోయింది.

ఇప్పుడు మన గ్రూపులో "కోష్ మొత్తం సర్కారే కొనాలె" అంటున్న తమ్ముళ్లలో చాలామంది 2002 తరువాత పొలంలో దిగినవాళ్లు. ఇంట్లో పెద్దలను ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

*రామనగరలో కూడా బలవంతమే ఉంది, మరి అది ఎట్లా నిలబడింది?*

ఇక్కడే అసలు పాఠం.

కర్ణాటకలో కూడా చట్టం ఉంది. 1959లో, అప్పటి మైసూరు రాష్ట్రం చేసింది. పట్టుపురుగు గుడ్లు, గూళ్ల తయారీ, సరఫరా, అమ్మకం మీద నియంత్రణ. దాని ప్రకారం గూళ్లు సర్కారు మార్కెట్లోనే అమ్మాలి. ఇంటి దగ్గర అమ్మకూడదు, లైసెన్సు లేని రీలరు కొనకూడదు. చూడబోతే ఇది కూడా మన పత్తి చట్టం లాంటిదే, రైతు చేతులు కట్టేయడమే. మరి అది ముప్పై ఏళ్లకు కూలిపోయింది, ఇది అరవై ఏళ్లు దాటినా నడుస్తున్నది. రామనగర ఇవాళ దేశంలోనే పెద్ద పట్టుగూళ్ల మార్కెట్.

తేడా ఒక్కటే. పత్తి చట్టం *ధరను* కట్టేసింది, కొనేవాడిని *ఒక్కడిని* చేసింది. గూళ్ల చట్టం *జాగాను* కట్టేసింది, ఆ జాగాలో కొనేవాళ్లను *వందల మందిని* చేసింది. ధర జోలికి పోలేదు.

రామనగర గేటు లోపల పని ఇట్లా ఉంటుంది. రైతు గూళ్లు జాలీల్లో పోస్తాడు, లాటుకు నంబరు పడుతుంది. తూకం మార్కెట్ వాళ్ల ఎలక్ట్రానిక్ కాంటా మీద. రీలర్లు వరుసగా తిరిగి గూళ్లు నొక్కి చూస్తారు, చెవి దగ్గర ఊపి చూస్తారు. వేలంలో పాడాలంటే రీలరు ముందే మార్కెట్లో పైసలు జమ చేసి ఉండాలి. ఈ-వేలం వచ్చిన తరువాత పాట ఫోన్లోనే. పక్కవాడు ఎంత పాడాడో మొహం చూసి పసిగట్టే వీలు తగ్గింది. రేటు నచ్చకుంటే రైతు "వద్దు" అనొచ్చు, లాటు తరువాతి పాటకు పోతుంది. నచ్చితే పైసలు బ్యాంకు ఖాతాకు.

ఇందులో సర్కారు చేసిన పనులు లెక్కపెట్టండి: కాంటా, లైసెన్సు, జమ, పాట, ఖాతా. ధర మాత్రం సర్కారు చెప్పలేదు. ఏ పుస్తకంలో స్వేచ్ఛా మార్కెట్ అని చదువుకుంటారో, చాలామంది కొనేవాళ్లు, చాలామంది అమ్మేవాళ్లు, అందరికీ తెలిసేటట్టు ధర, అది ఇక్కడ సర్కారు గోడలు కట్టి, కాంటా పెట్టి నడిపిస్తే నిలబడింది. గోడలు తీసేస్తే మిగిలేది ఊళ్లోకి వచ్చిన ఒక్క వ్యాపారి, మన చేతిలో వారం గడువున్న గూళ్లు.

ఆ ఒక్క వ్యాపారి ఎట్లా ఉంటాడో మా దగ్గర చూశాం. పేరు అనవసరం. ఫోన్లో కిలోకు ఒక రేటు చెప్పి వచ్చాడు. వచ్చినాక డబుల్ గూళ్లు అని కొన్ని కిలోలు, మచ్చ గూళ్లు అని కొన్ని, సంచి బరువని ఇంకొంత కోసేశాడు. కాంటా అతనిదే. అప్పటికే గూళ్లు ఏరి నాలుగో రోజు. వద్దంటే ఇంకో బండి రావడానికి రెండు రోజులు. అతను మోసగాడు అని కూడా అనలేం, బేరంలో అతనిది పైచెయ్యి, వాడుకున్నాడు. చుట్టుపక్కల ఇంకో పది మంది కొనేవాళ్లు ఉంటే ఆ మనిషే మర్యాదగా కొనేవాడు.

రామనగర స్వర్గమని చెప్పడం లేదు. చట్టం ఉన్నా బయట అమ్మకాలు అక్కడా జరుగుతాయి, దళారులు అక్కడా ఉన్నారు. కర్ణాటక సర్కారు ఇంకో మెట్టు కూడా కట్టుకుంది. 1979లో సిల్క్ మార్కెటింగ్ బోర్డు పెట్టి, దారం ధర పడినప్పుడు తానూ ఒక కొనుగోలుదారుగా దిగి కొంత దారం కొనే ఏర్పాటు చేసింది. మాట గమనించండి: *తానూ ఒకడుగా*. తానొక్కడే కాదు. పడిపోయినప్పుడు దిగి కొనడానికీ, ఎప్పుడూ తానే కొంటాననడానికీ చాలా తేడా ఉంది.

మన వైపు చూస్తే, మొన్నమొన్నటి దాకా మరాఠ్వాడా రైతు గూళ్లు బస్తాల్లో కట్టుకుని 850 కిలోమీటర్లకు పైగా రామనగర దాకా పోయేవాడు. దారి ఖర్చు, రెండు రాత్రుల నిద్ర, తూకం తరుగు. అయినా పోయాడంటే ఆ కాంటా మీద, ఆ పాట మీద నమ్మకం ఎంతుందో ఆలోచించండి. 2018లో జాల్నా బాజార్ సమితిలో గూళ్ల మార్కెట్ మొదలైంది. తరువాత మనకు దగ్గర్లో పూర్ణాలో, అటు బీడ్‌లో కూడా కొనుగోళ్లు వచ్చాయి. మన రైతు లాభపడింది సర్కారు ధర కట్టినందుకు కాదు, పాట జాగా దగ్గరికి వచ్చినందుకు. అయితే ఇక్కడ కొనేవాళ్లు ఇంకా తక్కువ. గోడలున్నాయి, లోపల జనం లేరు. పదిమంది పాడే చోటుకూ ముగ్గురు పాడే చోటుకూ ఒకే ధర రాదు.

*సుంకం: రాత్రికి రాత్రి తీసిన చెయ్యి*

ఇప్పుడు ఇంకో రకం సర్కారు చెయ్యి. ఇది మార్కెట్లో కనపడదు, రేవులో ఉంటుంది.

ప్రపంచంలో పట్టు ఎక్కువ పండించేది చైనా, రెండోది మనం. మనకు 2023-24లో ముడి పట్టు 38 వేల టన్నులకు పైగా వచ్చింది, అయినా మన చీరలకు చాలదు, బయటినుంచి తెచ్చుకుంటాం. ఆ వచ్చే దారం మీద ఎంత సుంకం అన్నదే మన గూటికి కనపడని పైకప్పు. ఇది కొత్తది కాదు. బ్రిటిష్ కాలంలోనే జపాన్, చైనా పట్టు చవగ్గా వచ్చి పడి మైసూరు రైతులు తోటలు పీకేస్తుంటే, టారిఫ్ బోర్డు విచారణ చేసి 1934లో రక్షణ సుంకం వేశారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1948 చట్టంతో సెంట్రల్ సిల్క్ బోర్డు వచ్చింది.

2011 బడ్జెట్‌లో కేంద్రం ముడి పట్టు మీద సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించింది. పైన వేసిన లెక్క గుర్తుందా? దారం ధర పడితే గూటి ధర ఇంకా ఎక్కువ పడుతుంది. అదే జరిగింది. కర్ణాటకలో, మన ఆంధ్రలో గూళ్ల ధర కుప్పకూలింది, రైతులు రోడ్డెక్కారు, ఎన్నో ఊళ్లలో మల్బరీ పీకి వేరే పంట వేశారు. మల్బరీ ఒక్కసారి నాటితే పది పదిహేనేళ్ల తోట. షెడ్డు కట్టిన అప్పు ఇంకో లెక్క. పీకడానికి ఒక్క రోజు, మళ్లీ నిలబెట్టడానికి ఏళ్లు. 2013 బడ్జెట్‌లో సుంకం 15 శాతానికి పెంచారు. తరువాత మళ్లీ 10కి దిగింది. 2021లో తిరిగి 15 చేశారు.

దీన్ని ఏమనాలి? స్వేచ్ఛా మార్కెట్ అందామా, సర్కారు జోక్యం అందామా? మా దృష్టిలో రెండూ కాదు. 30 అయితే 30 అని పదేళ్లు ఉంచితే మనం దానికి తగ్గ తోట వేస్తాం. ఏటా రెండు శాతం చొప్పున దించుతామని ముందే చెప్తే దానికి తగ్గట్టు రెండిట్టా తగ్గించుకుంటాం, ఖర్చు తగ్గించుకుంటాం. పదిహేనేళ్ల తోట వేసినవాడికి ఒక్క రాత్రిలో నియమం మార్చడమే దెబ్బ. 2025 ఆగస్టులో పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు, ముందు సెప్టెంబరు దాకా అన్నారు, తరువాత డిసెంబరు దాకా పొడిగించారు. అప్పటికి మన నాందేడ్ పత్తి ఇంకా చేను మీద ఉంది. విత్తేటప్పుడు ఒక నియమం, ఏరేటప్పుడు ఇంకొకటి.

కానీ ఇంకో వైపు కూడా వినాలి. మన నాందేడ్‌లోనే పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాళ్ల బంధువులు అటు తెలంగాణలో మగ్గాల మీద ఉన్నారు. నేతగాడికి దారం మీద ప్రతి వంద రూపాయలూ కూలిలో కోతే. మనం సుంకం పెంచమంటే అతను తగ్గించమంటాడు. ఇద్దరిదీ న్యాయమే. 2011లో సుంకం దించినప్పుడు చెప్పిన కారణం కూడా నేతకు దారం చవగ్గా దొరకాలనే. "రైతు మేలు" అని మనం అనేటప్పుడు ఆ మేలు ఎవరి జేబులోంచి వస్తున్నదో కూడా అడుక్కోవాలి.

సుంకం గోడ ఎంత ఎత్తు కట్టినా దానంతట అది కాపాడదని జపాన్ చెప్తుంది. 1929 నాటికి అక్కడ 22 లక్షల రైతు కుటుంబాలు పట్టుపురుగులు పెంచేవి. 1930లో అమెరికా కొనడం తగ్గించగానే ధర కూలి ఊళ్లకు ఊళ్లు అప్పుల్లో పడ్డాయి. యుద్ధం తరువాత అక్కడి సర్కారు 1951లో పట్టు ధర నిలకడ కోసం చట్టం చేసింది, 1970లలో దిగుమతిని కూడా తన చేతిలోకి తీసుకుంది. అయినా కూలీ రేట్లు పెరిగి, పిల్లలు పట్నాలకు పోయి, ఇవాళ అక్కడ పురుగులు పెంచే కుటుంబాలు రెండు వందలు కూడా లేవు.

ఇటు చైనా కథ తలకిందులు. 1980లలో పట్టు మిల్లులు పుట్టగొడుగుల్లా వచ్చాయి, గూళ్లు చాలలేదు. మిల్లుల మనుషులు ఊళ్ల మీద పడి పోటీగా కొన్నారు. వాళ్లే దాన్ని "గూళ్ల యుద్ధం" అన్నారు. స్థానిక అధికారులు తమ గూళ్లు పక్క జిల్లాకు పోకుండా సరిహద్దుల్లో కాపలా పెట్టారు. మన పత్తి నాకాలు గుర్తుకు రావడం లేదూ? రైతుకు కొన్నాళ్లు మంచి ధర వచ్చింది. కానీ గ్రేడు చూసేవాడు లేక పచ్చి గూళ్లు, పల్చటి గూళ్లు, అన్నీ ఒకే రేటుకు పోయాయి. దాంతో దారం నాణ్యత దెబ్బతిన్నది. చివరికి అక్కడి కేంద్రం మళ్లీ పగ్గాలు బిగించింది.

*గుడ్ల దగ్గర మాత్రం సర్కారు ఉండి తీరాలి*

దీని మీద మా గ్రూపులో ఎవరికీ వేరే మాట ఉండదనుకుంటున్నాం. గుడ్డు మంచిదో కాదో కంటితో తెలియదు. పెబ్రిన్ తల్లి పురుగు నుంచి గుడ్డులోకి వస్తుంది. మనకు తెలిసేసరికి ఆకు అంతా తినేసి ఉంటుంది. ఫ్రాన్సులో 1853లో సుమారు 26 వేల టన్నుల గూళ్లు పండితే, ఈ జబ్బు దెబ్బకు 1865 నాటికి సుమారు 4 వేల టన్నులకు పడిపోయింది. అప్పుడు లూయీ పాశ్చర్‌ను పంపింది అక్కడి సర్కారే. గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి సూక్ష్మదర్శినిలో చూడడం, జబ్బుంటే ఆ గుడ్లు కాల్చేయడం, ఈ పద్ధతి ఆయన పెట్టిందే. ఇవాళ మనం కొనే ప్రతి అండీపుంజ్ వెనుక అదే పరీక్ష ఉంది. మన దేశంలో 2006లో సిల్క్ బోర్డు చట్టాన్ని సవరించి, రిజిస్టరు కాని వాళ్లు గుడ్లు అమ్మకుండా చేశారు. చవగ్గా గుడ్లు ఇస్తామని ఎవరైనా బండి మీద వస్తే ఈ సంగతి గుర్తు చేయండి. వంద రూపాయలు మిగిలించి పంట పోగొట్టుకోవద్దు.

సబ్సిడీల మాట క్లుప్తంగా. మల్బరీ నాటడానికి, షెడ్డుకు, చంద్రికెలకు సాయం ఉపాధి హామీలో, సిల్క్ సమగ్రలో వచ్చింది. మహారేషీమ్ అభియాన్‌లో ఏటా పేర్లు రాసుకుంటారు. చాలామంది మొదటి అడుగు దానితోనే వేశారు, కాదనం. కానీ సాయం అంతా నాటడం దగ్గర ఉంటే, అమ్మే చోట కొనేవాళ్లు పెరగకుంటే ఏమవుతుంది? గూళ్లు పెరుగుతాయి, పాట పాడేవాళ్లు అంతే ఉంటారు. అప్పుడు సబ్సిడీ మనకిచ్చి ధరలో తీసుకున్నట్టే. మన జిల్లాలో ఇంకో వెయ్యి ఎకరాలు నాటడం కంటే పూర్ణా చుట్టుపక్కల నాలుగు ఆటోమేటిక్ రీలింగు యూనిట్లు రావడం మనకు ఎక్కువ మేలు.

ఇక అటు తెలుగు రాష్ట్రాల్లో ఇంకో పద్ధతి ఉంది. బైవోల్టిన్ గూళ్లకు మార్కెట్ ధర మీద కిలోకు ప్రోత్సాహకం. ఆంధ్రలో 50 రూపాయలు, తెలంగాణలో 75. ఇది గ్యారంటీ ధర లాంటిది కాదు. పాట పాటలాగే జరుగుతుంది, మంచి గూటికి మంచి ధరే వస్తుంది, పైన కొంత కలుస్తుంది. పద్ధతిగా చూస్తే పత్తి ఫెడరేషన్ కంటే వంద రెట్లు మేలు. చిక్కు ఏందంటే అది సర్కారు ఖజానా నుంచి రావాలి. బకాయిలు పేరుకున్నాయన్న వార్తలు అటు నుంచి ఎన్నోసార్లు చదివాం. చెప్పి ఇవ్వని 75 కంటే చెప్పకుండా ఉన్న సున్నా నయం, కనీసం దాన్ని నమ్మి అప్పు చేయం.

*మరి మనం ఏమడగాలి?*

వచ్చే మీటింగులో రేషీమ్ ఆఫీసు వాళ్లు కూర్చుంటారు కాబట్టి మా అభిప్రాయం ముందే రాస్తున్నాం. ఒప్పుకోకుంటే గ్రూపులో రాయండి, కోపం లేదు.

గ్యారంటీ ధర అడగొద్దు. కొనేవాడు సర్కారు ఒక్కడే కావాలని అసలే అడగొద్దు. అడగాల్సింది పూర్ణాలో, జాల్నాలో పాడే రీలర్ల సంఖ్య పెంచమని. ఇంకో రాష్ట్రం నుంచి వచ్చే రీలరుకు గది, గోదాము, జమ సౌకర్యం ఇవ్వమని. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక వేడి గాలి డ్రయ్యర్ అడగండి. మన వారం గడువు మూడు నెలలైతే బేరంలో సగం గెలిచినట్టే. ఇది ఒక్కటి వస్తే మిగతావన్నీ ఆలస్యమైనా మాకు ఫరవాలేదు. సుంకం మీద మాత్రం ఢిల్లీ దాకా పోవాల్సిందే. ఎంత పెంచుతారనేది నేతగాళ్లతో కలిసి మాట్లాడుకుందాం. ఎప్పుడు మారుస్తారో ఏడాది ముందు చెప్పండి అనేది అందరం కలిసి అడగొచ్చు.

ఇంటి ముందు అమ్మడం తప్పు అని కూడా మేము అనం. మన రాష్ట్రంలో రైతు ఎక్కడ అమ్ముకోవాలో తనే చూసుకుంటున్నాడు, అది మంచిదే. కానీ లెక్క వేసి అమ్మండి. ఇంటి దగ్గర 440 ఇస్తానన్నాడు, పూర్ణాలో 480 పలుకుతున్నది అనుకోండి. మీ దగ్గర 120 కిలోలు ఉంటే తేడా 4,800. అందులోంచి బండి కిరాయి, ఇద్దరి దినకూలి, దారిలో తరుగు తీసేయండి. ఇద్దరు ముగ్గురు రైతులు ఒకే బండిలో వేసుకుంటే ఎంత మిగులుతుంది, ఒక్కరే పోతే ఎంత మిగులుతుంది, రెండూ వేసి చూడండి. దాంతోపాటు ఇంటి దగ్గర కోత పెట్టే కిలోలను కూడా 440తో గుణించి తీసేయడం మరవొద్దు. చాలాసార్లు అసలు తేడా అక్కడే దాగి ఉంటుంది.

ఈ నెల పంట అమ్మినవాళ్లు దయచేసి గ్రూపులో ఈ ఆరు సంగతులు పెట్టండి: ఏ తేదీ, ఎక్కడ అమ్మారు, ఎన్ని కిలోలు, ఏ రేటు, ఎంత కోత పెట్టారు, పైసలు ఎన్ని రోజులకు ఖాతాలో పడ్డాయి. వ్యాపారి పేరు రాయొద్దు. యాభై మంది పెడితే ఏ చోట ధర ఎట్లా ఉన్నదో ఒక పట్టిక చేసి మీటింగుకు తీసుకుపోతాం. ఊజీ ఈగ పాఠం వచ్చే నెల తప్పకుండా. ఈలోపు కిటికీల నైలాన్ జాలీ చిరిగిందేమో చూసుకోండి.